ఆట మీద నిషేధం – ఇంట్లో నియమం

ఆసుపత్రిలో రోగికి తోడుగా ఉండేవారు వెంట వచ్చిన పిల్లలు అల్లరి చేయకుండా వారి చేతికి ఫోన్ ఇస్తుంటారు. కాసేపటికి వరండా అంతా తుపాకుల చప్పుడు వినిపిస్తుంది. "ఈ ఆటను గవర్నమెంటు బంద్ చేసింది అన్నారు కదా సిస్టర్, మళ్లీ ఎట్లా వచ్చింది?" అని తల్లులు అడుగుతుంటారు. ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకుంటే, చట్టం మన పిల్లలను ఎంతవరకు కాపాడుతుందో, ఇంట్లో మనం చేయవలసినది ఏమిటో అర్థమవుతుంది.

నిషేధాలు వచ్చాయి, పోయాయి

పబ్‌జీ మొబైల్ అనే ఆట 2018లో మన దేశంలోకి వచ్చింది. దీనిలో వంద మంది ఒక దీవిలో దిగి ఒకరినొకరు కాల్చుకుంటారు. చివరికి మిగిలినవారు గెలిచినట్లు.

2019 మార్చిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్ పోలీసులు తమ నగరంలో ఈ ఆట ఆడరాదని ఉత్తర్వు ఇచ్చారు. ఆడుతూ దొరికిన కొందరు యువకులను అరెస్టు కూడా చేశారు. కానీ ఆ ఉత్తర్వు ఆ పోలీసుల పరిధి దాటితే చెల్లదు. మన పిట్లం నుంచి నాందేడ్ రోడ్డు పట్టుకుంటే కొంతసేపటికి మహారాష్ట్ర వస్తుంది. పోలీసు ఉత్తర్వు సరిహద్దు దగ్గర ఆగిపోతుంది, ఫోన్ సిగ్నల్ ఆగదు. ఆ ఏడాది ఏప్రిల్‌లో నేపాల్ దేశమంతటా నిషేధం పెట్టింది. కొద్ది రోజులకే అక్కడి సుప్రీంకోర్టు దాన్ని నిలిపివేసింది.

2020 సెప్టెంబరు 2న మన కేంద్ర ప్రభుత్వం 118 యాప్‌లను నిషేధించింది. అందులో పబ్‌జీ మొబైల్ ఒకటి. అయితే దానికి చెప్పిన కారణం హింస కాదు. దేశ భద్రత, మన ప్రజల సమాచారం బయటి దేశాలకు వెళ్లడం అనేవి కారణాలు. ఈ సంగతి చాలామందికి తెలియదు. 2021 జులైలో కొరియా కంపెనీ అటువంటి ఆటనే బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా అనే పేరుతో తెచ్చింది. 2022 జులైలో దాన్నీ ఆపివేశారు. 2023 మే నెలలో షరతులతో మళ్లీ అనుమతించారు. 18 ఏళ్లలోపు వారికి రోజుకు 3 గంటలే అన్నారు. రక్తం ఎర్రగా కాక ఆకుపచ్చగా కనబడేటట్లు చేశారు. ఫ్రీ ఫైర్ అనే మరో ఆటను 2022 ఫిబ్రవరిలో నిషేధించారు. కానీ దాని తోబుట్టువులాంటి ఫ్రీ ఫైర్ మ్యాక్స్ ప్లే స్టోర్‌లోనే ఉండిపోయింది.

సినిమాలకు మన దేశంలో 1952 చట్టం ప్రకారం సెన్సారు బోర్డు సర్టిఫికెట్ ఉంటుంది. ఫోన్ ఆటలను ముందుగా చూసి అనుమతించే అటువంటి బోర్డు లేదు. డబ్బు పెట్టి ఆడే ఆటలను తెలంగాణ ప్రభుత్వం 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా వాటిపై చట్టం చేసింది. అవి డబ్బు గురించిన చట్టాలు, కాల్పుల ఆటల గురించి కావు.

ఇతర దేశాలలో ఏమి జరిగింది?

దక్షిణ కొరియాలో 2011 నుంచి 16 ఏళ్లలోపు పిల్లలు అర్ధరాత్రి నుంచి ఉదయం 6 గంటల వరకు కంప్యూటర్‌లో ఆన్‌లైన్ ఆటలు ఆడకుండా చట్టం ఉండేది. పిల్లలు పెద్దల గుర్తింపు నంబర్లతో లోపలికి వెళ్లారు. ఫోన్ ఆటలకు ఆ చట్టం వర్తించలేదు. చివరికి 2022లో దాన్ని తీసివేశారు. చైనా 2021 సెప్టెంబరు నుంచి 18 ఏళ్లలోపు వారికి శుక్ర, శని, ఆదివారాలు, పండుగ సెలవుల్లో మాత్రమే రాత్రి 8 నుంచి 9 వరకు ఆన్‌లైన్ ఆటలు ఆడనిస్తోంది. జపాన్‌లోని కగావా అనే రాష్ట్రం 2020లో మరో దారి పట్టింది. పిల్లలకు బడి ఉన్న రోజుల్లో 60 నిమిషాలు, సెలవు రోజుల్లో 90 నిమిషాలు అని చెప్పింది. శిక్ష ఏమీ లేదు. ఇంట్లో కూర్చుని మాట్లాడుకుని నియమం పెట్టుకోండి అని తల్లిదండ్రులకే బాధ్యత ఇచ్చింది.

ఏ దేశంలోనైనా చట్టం వీధి తలుపు దాకా వస్తుంది. తలుపు లోపల ఉన్నది మనమే.

కాల్పుల ఆట ఆడితే పిల్లలు హంతకులవుతారా?

అలా భయపడవలసిన పని లేదు. అమెరికా సైకాలజీ నిపుణుల సంఘం 2020లో ఈ విషయంలో వచ్చిన పరిశోధనలను పరిశీలించింది. అరవడం, నెట్టడం వంటి దురుసుతనంతో ఈ ఆటలకు కొద్దిపాటి సంబంధం ఉందని, నిజమైన నేరాలకు ఇవే కారణమని చెప్పడానికి తగిన ఆధారం లేదని తెలిపింది. కనుక మన కళ్లెదుట కనబడే నష్టం వేరు. నిద్ర పోతుంది. చదువు పోతుంది. అన్నం చల్లారిపోతుంది. మెడ, కళ్లు నొప్పి పెడతాయి. ఇంట్లో మాట తగ్గిపోతుంది.

ఎప్పుడు జబ్బుగా భావించాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల పట్టికలో గేమింగ్ డిజార్డర్‌ను చేర్చింది. ఆ పట్టిక 2022 జనవరి నుంచి అమలులో ఉంది. దానిలో చెప్పిన ముఖ్యమైన గుర్తులు మూడు:

1. ఆపుదామనుకున్నా ఆపలేకపోవడం.
2. తిండి, నిద్ర, చదువు, స్నేహితులు అన్నిటికంటే ఆటే ముఖ్యం కావడం.
3. నష్టం జరుగుతున్నదని తెలిసినా ఇంకా ఎక్కువగా ఆడడం.

ఇవి సాధారణంగా ఏడాది పాటు ఉంటేనే జబ్బు అంటారు. లక్షణాలు తీవ్రంగా ఉంటే అంతకాలం ఆగనక్కరలేదు. సెలవుల్లో నాలుగు రోజులు ఆడిన పిల్లవాడు రోగి కాడు. కానీ రాత్రంతా మేలుకోవడం, అబద్ధాలు చెప్పడం, బడి ఎగ్గొట్టడం, ఫోన్‌పే నుంచి డబ్బు మాయం కావడం కనబడితే డాక్టరుకు చూపించండి. బెంగళూరు నిమ్హాన్స్‌లో 2014 నుంచే దీనికి ప్రత్యేక క్లినిక్ ఉంది.

కోపంలో ఫోన్ లాక్కోకండి

2019 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో పదవ తరగతి పరీక్షలు రాస్తున్న 16 ఏళ్ల బాలుడు, ఆట మాని చదువుకోమని ఇంట్లో మందలించిన తర్వాత ప్రాణం తీసుకున్నాడని పత్రికలలో వచ్చింది. ఇటువంటి దుఃఖానికి ఒకే ఒక్క కారణం ఎప్పుడూ ఉండదు. మందలించిన తల్లిదండ్రులను నిందించడం న్యాయం కాదు. కానీ మనం నేర్చుకోవలసినది ఒకటి ఉంది. ఆటకు బాగా అలవాటుపడిన పిల్లవాడికి దాన్ని ఒక్కసారిగా, నలుగురి ముందు, తిట్టి లాగేసుకుంటే తట్టుకోలేకపోవచ్చు. చిరాకు, కోపం, నిద్రలేమి కొన్ని రోజులు ఉంటాయి. రాత్రికి రాత్రి నిషేధం పెట్టడం ప్రభుత్వానికి కుదరవచ్చు. ఇంట్లో మాత్రం మెల్లగా తగ్గించాలి.

ఇంట్లో ఏమి చేయాలి?

• ముందు పిల్లవాడి పక్కన కూర్చుని ఆ ఆట ఏమిటో చూడండి. ఎవరితో ఆడుతున్నాడో అడగండి. తెలియని మనుషులతో మైకులో మాట్లాడుతుంటారు.

• సమయం ఇద్దరూ కలిసి నిర్ణయించండి. రోజుకు 4 గంటలు ఆడేవాడిని ఈ వారం 3 గంటలకు, వచ్చే వారం 2 గంటలకు తేండి. ఆట మధ్యలో కాకుండా, "ఈ ఆట అయిపోగానే ఇచ్చేయి" అని 10 నిమిషాల ముందే చెప్పండి.

• రాత్రి అన్నం తిన్న తర్వాత అందరి ఫోన్లూ, మీ ఫోన్‌తో సహా, ఒకే చోట పెట్టండి. తండ్రి సీరియల్ చూస్తూ కొడుకును ఫోన్ పెట్టమంటే వాడు వినడు.

• ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ఫ్యామిలీ, పేరెంటల్ కంట్రోల్స్ అని ఉంటాయి. పిన్ పెట్టి వయసు ఎంచుకుంటే పెద్దల ఆటలు దిగవు. చేత కాకపోతే ఫోన్ దుకాణంలో అడిగి మీ ఎదుటే చేయించండి, పిన్ మాత్రం మీరే పెట్టండి.

• ప్లే స్టోర్‌లో లేని ఆటను బయటి నుంచి దించుకుంటే దానితోపాటు డబ్బు దోచే యాప్ రావచ్చు. ఓటీపీ వచ్చే ఫోన్ పిల్లలకు ఇవ్వకండి.

• ఫోన్ తీసుకున్న చోట ఇంకొకటి ఇవ్వాలి. సాయంత్రం కబడ్డీ, క్రికెట్, పొలం దాకా నడక, ఏదైనా సరే. ఖాళీ చేతులకు మళ్లీ ఫోనే గుర్తుకొస్తుంది.

• తండ్రి దుబాయిలో, పిల్లలు నానమ్మ దగ్గర ఉన్న ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. ఫోన్ పంపిన తండ్రే వీడియో కాల్‌లో నియమం కూడా చెప్పాలి. నానమ్మ ఒక్కతే అడ్డుకోలేదు.

ఇది అత్యవసరం

పిల్లలు "నేను చచ్చిపోతాను" అంటే బెదిరింపు అని కొట్టిపారేయకండి. ఆ రోజు ఒంటరిగా వదలకండి. "అంత బాధ ఎందుకు బిడ్డా?" అని అడిగి పూర్తిగా వినండి. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందేమో అనే భయం అక్కరలేదు. వ్యవసాయం చేసే ఇళ్లలో పురుగుల మందు డబ్బాలు ఎప్పుడూ తాళం వేసిన చోట ఉంచాలి, తాళం చెవి పెద్దల దగ్గర ఉండాలి. ఈ ఒక్క జాగ్రత్త ఎన్నో ప్రాణాలను కాపాడుతుంది.

టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లల సహాయం కోసం 1098 ఉంది. ఈ రెండు నంబర్లు ఈ రోజే మీ ఫోన్‌లో రాసి పెట్టుకోండి.