కౌన్సిల్ ఇల్లు ఎవరికి దక్కాలి?

1968 జూన్ 20. ఉత్తర ఐర్లాండ్‌లోని కాలెడన్ అనే చిన్న ఊరు. కొత్తగా కట్టిన కాలనీలో ఒక ప్రభుత్వ ఇంటి కిటికీ పగలగొట్టి ముగ్గురు మనుషులు లోపలికి వెళ్లి బైఠాయించారు. వారిలో ఒకరు ఆస్టిన్ కరీ, అప్పటి ఉత్తర ఐర్లాండ్ చట్టసభ సభ్యుడు. కొన్ని గంటలకే పోలీసులు వచ్చి ముగ్గురినీ బయటికి ఈడ్చేశారు.

ప్రజాప్రతినిధి అయ్యుండీ ఆయన అంతకు ఎందుకు తెగించారంటే, ఆ ఇంటిని స్థానిక కౌన్సిల్ పెళ్లి కాని ఒక 19 ఏళ్ల యువతికి కేటాయించింది. ఆమె, బ్రిటన్‌తోనే కలిసి ఉండాలనే యూనియనిస్టు పార్టీ తరఫున ఎన్నికల్లో నిలబడిన ఒక న్యాయవాది దగ్గర సెక్రటరీ. ప్రొటెస్టెంటు. అదే కాలనీలో తలదాచుకున్న ఒక క్యాథలిక్ కుటుంబాన్ని, పసిపిల్లలతో సహా, రెండు రోజుల ముందే అధికారులు ఇంట్లోంచి గెంటేశారు. కరీ ఈ విషయాన్ని చట్టసభలో లేవనెత్తారు. అక్కడ ఫలితం లేకపోవడంతో ఆ ఇంట్లోనే కూర్చున్నారు.

రెండు నెలలు దాటగానే, ఆగస్టు 24న కోలైలాండ్ నుంచి డంగానన్ వరకు ఉత్తర ఐర్లాండ్‌లో తొలి పౌరహక్కుల ఊరేగింపు జరిగింది. అక్టోబర్ 5న డెరీ నగరంలో ఊరేగింపు మీద పోలీసులు లాఠీలు ఝుళిపించారు. ఆ తర్వాత మూడు దశాబ్దాల పాటు సాగిన హింసలో సుమారు 3,500 మంది చనిపోయారు. ఆ హింసకు కారణాలు అనేకం, వాటి వేళ్లు లోతైనవి. అయితే జనాన్ని వీధుల్లోకి తెచ్చిన తొలి కోపాల్లో ఇళ్ల పంపకం ఒకటి. గొడవలకు కారణాలు వెతికిన కామెరాన్ కమిషన్ 1969లో ఇచ్చిన నివేదికలో, ఇళ్ల కేటాయింపుపై క్యాథలిక్కుల ఫిర్యాదుల్లో నిజముందని ఒప్పుకుంది.

ఇల్లంటే ఓటు

బ్రిటన్‌లో స్థానిక సంస్థలు కట్టి, తక్కువ అద్దెకు ఇచ్చే ఇళ్లను కౌన్సిల్ ఇళ్లంటారు. ఉత్తర ఐర్లాండ్‌లో ఇలాంటి ఇల్లు చేతికొస్తే తలదాచుకునే చోటుతో పాటు ఓటు కూడా వచ్చేది. బ్రిటన్‌లో మిగతా చోట్ల 1945 నుంచే వయోజనులందరికీ స్థానిక ఎన్నికల్లో ఓటుంది. ఉత్తర ఐర్లాండ్‌లో మాత్రం 1969 దాకా ఇంటి యజమానికో, అద్దెదారుకో, వారి జీవిత భాగస్వామికో తప్ప ఇంట్లో ఉండే మిగతావాళ్లకు ఓటు లేదు. తల్లిదండ్రుల ఇంట్లో ఉండే పెళ్లయిన కొడుక్కీ, ఒక గది అద్దెకు తీసుకున్నవాడికీ ఓటుండేది కాదు. కాబట్టి కౌన్సిల్ ఒక ఇల్లు ఇచ్చిందంటే రెండు ఓట్లు సృష్టించినట్టే. క్యాథలిక్ కుటుంబానికి ఇస్తే ఆ రెండు ఓట్లు ఎటు పడతాయో కౌన్సిలర్లకు తెలుసు.

డెరీలో ఇది పరాకాష్ఠకు చేరింది. జనాభాలో క్యాథలిక్కులే ఎక్కువ. వార్డుల సరిహద్దులు గీసిన తీరు వల్ల కౌన్సిల్లో మాత్రం యూనియనిస్టులు 12 మంది, ఐర్లాండ్‌తో కలవాలనే నేషనలిస్టులు 8 మంది. ఇళ్లు ఎవరికివ్వాలో నిర్ణయించే అధికారం మేయర్ ఒక్కడి చేతిలో ఉండేది. పాయింట్ల పద్ధతి లేదు, ఎందుకు ఇచ్చారో ఎందుకు ఇవ్వలేదో చెప్పాల్సిన పనీ లేదు.

అందుకే బ్రిటన్ ప్రభుత్వం ఒత్తిడితో వచ్చిన సంస్కరణల్లో కౌన్సిళ్ల నుంచి ఇళ్లు పూర్తిగా తీసేశారు. 1971లో హౌసింగ్ ఎగ్జిక్యూటివ్ అనే ప్రత్యేక సంస్థను పెట్టి, ప్రాంతమంతటికీ ఒకే పాయింట్ల పద్ధతి తెచ్చారు. ఇరుకు ఎంత, ఇంటి స్థితి ఏమిటి, ఆరోగ్యం ఎలా ఉంది అనేవాటికి అంకెలు పడ్డాయి. ఓటు ఎవరికి వేస్తారన్నదానికి అంకె లేదు.

వంటగది చూసి మార్కులు

ఇంగ్లండ్‌లో పక్షపాతం మతం పేరుతో రాలేదు. మర్యాద పేరుతో వచ్చింది. ఒకప్పుడు ఇంటికి దరఖాస్తు పెట్టుకుంటే హౌసింగ్ విజిటర్ అనే ఉద్యోగి ఇంటికొచ్చేవారు. వంటగది, పక్కబట్టలు, ఇల్లాలి పనితీరు చూసి కుటుంబానికి గ్రేడు రాసుకునేవారు. ‘మంచి’ కుటుంబమైతే కొత్త ఇల్లు, గ్రేడు తక్కువైతే పాతబడిన కాలనీలో ఇల్లు. ఒకే గదిలో నలుగురు పిల్లలతో ఉంటూ వంటా నిద్రా అక్కడే సాగించే తల్లి ఇల్లు చక్కగా సర్దుకోలేదని మార్కులు తగ్గితే, ఏ కష్టం తీర్చమని ఆమె అడిగిందో ఆ కష్టమే ఆమెకు శిక్షయ్యేది. 1969లో బారీ కల్లింగ్‌వర్త్ అధ్యక్షతన వచ్చిన నివేదిక ఈ పద్ధతిని గట్టిగా తప్పుపట్టింది. కౌన్సిల్ చూడాల్సింది అవసరాన్నేగాని నడవడికను కాదంది.

రెండో అడ్డంకి స్థానికత. బర్మింగ్‌హామ్‌లో ఐదేళ్లు నివాసముంటేగాని కౌన్సిల్ ఇంటికి అర్హత వచ్చేది కాదు. ఫౌండ్రీల్లో, బస్సుల్లో పనికోసం భారత్, పాకిస్తాన్, కరీబియన్ దీవుల నుంచి వచ్చినవాళ్లు ఆ ఐదేళ్లూ పాడుబడిన పెద్ద ఇళ్లలో గదికో కుటుంబం చొప్పున సర్దుకున్నారు. సామాజిక శాస్త్రవేత్తలు జాన్ రెక్స్, రాబర్ట్ మూర్ 1967లో ప్రచురించిన స్పార్క్‌బ్రూక్ అధ్యయనం ఈ పరిస్థితినే వివరించింది. నిబంధన ఎక్కడా రంగు మాట ఎత్తలేదు. దెబ్బ మాత్రం ఒక రంగు వాళ్ల మీదే ఎక్కువగా పడింది.

లండన్‌లోని హ్యాక్నీలో జాతి సమానత్వ కమిషన్ ఫైళ్లు తిరగేసి 1984లో నివేదిక ఇచ్చింది. అవసరం ఒకేలా ఉన్నా తెల్లవారికి మెరుగైన, కొత్త ఇళ్లు దక్కాయని, నల్లజాతి కుటుంబాలకు నాసిరకం ఫ్లాట్లు వచ్చాయని తేలింది. ఇల్లు రావడం ఒక ఎత్తు, ఏ ఇల్లు వచ్చిందన్నది మరో ఎత్తు. జాబితాలో ఎంతమందికి ఇళ్లిచ్చారో లెక్కపెట్టి ఊరుకుంటే ఈ రెండో అన్యాయం కనబడదు.

లండన్‌లోనే ఉన్న వెస్ట్‌మిన్‌స్టర్ కౌన్సిల్ కథ ఇంకోలా నడిచింది. 1986 ఎన్నికల్లో కన్జర్వేటివ్ పార్టీ కొద్ది తేడాతో బయటపడింది. నాయకురాలు షర్లీ పోర్టర్ ఆధ్వర్యంలోని కౌన్సిల్ మరుసటేడు ఒక పథకం వేసింది. పోటీ గట్టిగా ఉన్న 8 వార్డుల్లో ఖాళీ అయిన కౌన్సిల్ ఇళ్లను అవసరంలో ఉన్నవారికి అద్దెకివ్వకుండా అమ్మేయాలి. కొనుక్కునేవాళ్లు తమ పార్టీకి ఓటేస్తారని ఆశ. ‘ఓట్లకు ఇళ్లు’ కుంభకోణంగా పేరుపడ్డ ఈ వ్యవహారంపై ఆడిటర్ జాన్ మాగిల్ దర్యాప్తు చేశారు. అది చట్టవిరుద్ధమని అప్పట్లో దేశ అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్ 2001లో తేల్చింది. 2004లో పోర్టర్ కోటీ 23 లక్షల పౌండ్లు చెల్లించారు.

ఇప్పటి లెక్క ఎలా వేస్తారు?

ఇంగ్లండ్‌లో ఇప్పుడు 1996 నాటి గృహనిర్మాణ చట్టం అమల్లో ఉంది. ఇల్లు లేనివాళ్లు, ఇరుకు ఇళ్లలోనో ఆరోగ్యానికి పనికిరాని ఇళ్లలోనో ఉన్నవాళ్లు, జబ్బు వల్లో వైకల్యం వల్లో ఇల్లు మారాల్సినవాళ్లు, ఫలానా ప్రాంతానికి వెళ్లకపోతే ఇబ్బంది పడేవాళ్లు. వీరికి ప్రతి కౌన్సిలూ సముచిత ప్రాధాన్యం ఇచ్చి తీరాలి. ఆ చట్రంలో సొంత నియమావళి రాసుకునే స్వేచ్ఛ కౌన్సిల్‌కు ఉంది. చాలాచోట్ల దరఖాస్తుదారులను అవసరం తీవ్రతను బట్టి బ్యాండ్లుగా విడగొడతారు. ఖాళీ అయిన ఇళ్లను ఆన్‌లైన్‌లో పెడితే నచ్చిన ఇంటికి బిడ్ వేస్తారు. ఇది డబ్బుతో వేసే పాట కాదు. పై బ్యాండులో ఉండి, ఎక్కువకాలం వేచి ఉన్నవారికి ఇల్లు వెళ్తుంది. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ నగరంలో మొదలైన పద్ధతి ఇది.

ఇరుకును ఎలా కొలుస్తారో దగ్గరగా చూస్తే అసలు చిక్కు తెలుస్తుంది. ఒక బెడ్‌రూమ్, ఒక హాలు ఉన్న ఫ్లాటు అనుకుందాం. తల్లి, తండ్రి, ఎనిమిదేళ్ల పాప, ఆరేళ్ల బాబు, ఆరు నెలల పసిబిడ్డ. 1935 నుంచి కొనసాగుతున్న చట్టబద్ధ ప్రమాణంలో హాలు కూడా పడకగదే. రెండు గదులకు ముగ్గురు ఉండొచ్చు. పదేళ్లలోపు పిల్లలు అరమనిషి, ఏడాది నిండని బిడ్డ అసలు లెక్కలోకి రాదు. తల్లిదండ్రులు ఇద్దరు, పిల్లలిద్దరూ కలిసి ఒకరు, మొత్తం ముగ్గురు. గదులు మరీ చిన్నవి కాకపోతే, చట్టం దృష్టిలో ఆ ఇంట్లో ఇరుకే లేదు. ప్రభుత్వం 2012లో సూచించిన బెడ్‌రూమ్ ప్రమాణం ప్రకారం లెక్కవేస్తే దంపతులకు ఒక గది, పదేళ్లలోపు ఇద్దరు పిల్లలకు ఒకటి, మిగిలిన బిడ్డకు ఒకటి, అంటే మూడు కావాలి. అదే కుటుంబానికి రెండు గదులు తక్కువన్నమాట. మనుషులు మారలేదు, ఫ్లాటు మారలేదు. కొలిచే కర్ర మారేసరికి వరసలో వాళ్ల చోటు మారిపోయింది.

మరి ఒకే బ్యాండులో ఉన్నవారిలో ఎక్కువ కష్టంలో ఉన్నవారికి ముందివ్వాలా, ఎక్కువకాలం ఆగినవారికివ్వాలా? తూర్పు లండన్‌లోని న్యూహామ్ కౌన్సిల్ వేచి ఉన్న కాలాన్నే పట్టించుకుంటోందని, ఇరుకింట్లో ఆరోగ్య సమస్యలతో సతమతమవుతున్న ఒక కుటుంబ పెద్ద కోర్టుకెక్కారు. 2009లో హౌస్ ఆఫ్ లార్డ్స్ కౌన్సిల్ పద్ధతినే సమర్థించింది. ఒకరిని ముందుకు జరిపితే ఇంకొకరు వెనక్కి పోతారని, ఆ లెక్క వేయడం ఎన్నికైన సంస్థ పనేనని న్యాయమూర్తులు భావించారు.

‘మనవాళ్లకే ముందు’

2011లో వచ్చిన చట్టం, జాబితాలోకి ఎవరు రావొచ్చో నిర్ణయించే అధికారాన్ని మళ్లీ కౌన్సిళ్లకు ఇచ్చింది. కనీసం రెండేళ్ల స్థానిక నివాసం అడగమని 2013లో ప్రభుత్వమే ప్రోత్సహించింది. 2012లో 18 లక్షలు దాటిన వేచి ఉన్న కుటుంబాల సంఖ్య 2017కి 12 లక్షల లోపుకు పడిపోయింది. ఈ తగ్గుదలలో చాలా భాగం కొత్త అర్హతల వల్ల వచ్చిందే. పేర్లు తీసేసినంత మాత్రాన ఆ కుటుంబాలకు ఇళ్లు రాలేదు.

పశ్చిమ లండన్‌లోని హిల్లింగ్‌డన్ ఏకంగా పదేళ్ల నివాసం అడిగింది. ఊరూరా తిరిగే ఐరిష్ ట్రావెలర్లు, శరణార్థిగా వచ్చిన ఒక కుర్దు వ్యక్తి దీన్ని సవాలు చేశారు. ఈ షరతు పరోక్షంగా వివక్షేనని 2019లో అప్పీలు కోర్టు చెప్పింది.

‘వలస వచ్చినవాళ్లే ఇళ్లన్నీ ఎగరేసుకుపోతున్నారు’ అన్న మాట బ్రిటన్ రాజకీయాల్లో ఎప్పుడూ వినబడుతూనే ఉంటుంది. సమానత్వ, మానవ హక్కుల కమిషన్ కోసం 2009లో చేసిన అధ్యయనానికి అలాంటి ఆధారం దొరకలేదు. అప్పట్లో సామాజిక గృహాల్లో ఉన్న పదిమందిలో తొమ్మిదిమంది బ్రిటన్‌లో పుట్టినవారే. అంతకు ముందు ఐదేళ్లలో వలస వచ్చినవారు రెండు శాతం కూడా లేరు.

లండన్ ఈస్ట్‌హామ్‌లో గదులు పంచుకుంటున్న తెలుగు విద్యార్థులకు, వలస వచ్చినవాళ్లకు ఈ ఇళ్లు అంత సులువుగా దక్కవన్న సంగతి అనుభవమే. స్టూడెంట్ వీసా మీదున్నా, స్కిల్డ్ వర్కర్ వీసా మీదున్నా ‘ప్రభుత్వ నిధులకు అర్హత లేదు’ అనే షరతు వర్తిస్తుంది. ఉద్యోగం చేసి పన్నులు కట్టినా, శాశ్వత నివాస హోదా వచ్చేదాకా కౌన్సిల్ ఇళ్ల జాబితాలో పేరు రాయించుకునే వీలుండదు.

అసలు కొరత ఇళ్లది. 1980లో వచ్చిన ‘కొనుగోలు హక్కు’ కింద ఇంగ్లండ్‌లో సుమారు 20 లక్షల ఇళ్లు అద్దెదారులకే అమ్ముడుపోయాయి. వాటికి దీటుగా కొత్తవి కట్టలేదు. 2024 మార్చి నాటికి 13.3 లక్షల కుటుంబాలు జాబితాలో ఉన్నాయి. అదే ఏడాది తాత్కాలిక వసతుల్లో 1.2 లక్షలకు పైగా కుటుంబాలు, వాటిలో సుమారు 1.6 లక్షల మంది పిల్లలు రోజులు వెళ్లదీశారు.

మనకు పనికొచ్చే పాఠం

హైదరాబాద్‌లో 2023లో డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ల లబ్ధిదారులను కంప్యూటర్ డ్రా ద్వారా ఎంపిక చేశారు. డ్రాలో సిఫారసులకు తావుండదు. అది నిజమైన మేలు. అయితే అర్హత పొందాక, ఒక్క గదిలో ఆరుగురున్న కుటుంబానికీ రెండు గదుల్లో ముగ్గురున్న కుటుంబానికీ అవకాశం సమానమే. ఇందిరమ్మ ఇళ్లకు దరఖాస్తుదారులను ఎల్-1, ఎల్-2, ఎల్-3 జాబితాలుగా విడగొట్టడం బ్రిటన్ బ్యాండ్లకు దగ్గరగా ఉంటుంది. ఈ ఇందిరమ్మ జాబితాల్లో ఊరి కమిటీల పాత్ర ఉంది. ఊరి మనుషులకు ఊరి కష్టం తెలుస్తుంది. ఎవరు మనవాడో ఎవరు కాదో కూడా వాళ్లకే తెలుస్తుంది.

ఇలాంటి మొగ్గుకు తావు లేకుండా, కౌన్సిలర్ తన వార్డులోని ఇంటి విషయంలోగాని, తన వార్డులో ఉంటున్న దరఖాస్తుదారు విషయంలోగాని కేటాయింపు నిర్ణయంలో పాల్గొనకూడదని ఇంగ్లండ్‌లో 1997 నుంచి నిబంధన ఉంది. కేటాయింపు నియమావళి సారాంశాన్ని ప్రచురించి, అడిగినవారికి ఉచితంగా ఇవ్వాలి. అర్హత లేదన్నప్పుడు కారణం రాసివ్వాలి, పునఃపరిశీలన కోరే హక్కు ఉండాలి. పెద్దగా ఖర్చు లేని ఈ పనులు మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చేయొచ్చు. లబ్ధిదారుల పేర్లు పంచాయతీ గోడకు అంటించడంతో ఆపకుండా, ఏ పేరుకు ఏ కారణంతో ఏ స్థానం వచ్చిందో కూడా పక్కనే రాయాలి. దరఖాస్తు పెట్టుకున్నా ఇల్లు రానివాళ్లు ఆ కారణాన్ని అడగాలి. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఆ ప్రశ్నకు అధికారులు 30 రోజుల్లో జవాబివ్వాలి.