జార్జ్ వెయా

జార్జ్ వెయా (జననం: 1966 అక్టోబరు 1) పశ్చిమ ఆఫ్రికాలోని లైబీరియా దేశానికి చెందిన సుప్రసిద్ధ ఫుట్‌బాల్ క్రీడాకారుడు, రాజకీయ నాయకుడు. 1995లో ఫుట్‌బాల్ రంగంలో మిక్కిలి గౌరవప్రదమైన బాలన్ డోర్ (బంగారు బంతి) పురస్కారాన్నీ, అదే సంవత్సరానికి ఫిఫా ప్రపంచ ఉత్తమ క్రీడాకారుడి పురస్కారాన్నీ పొందాడు. ఈ గౌరవాలు దక్కిన ఆఫ్రికా దేశాల క్రీడాకారుడు ఇప్పటివరకు ఇతడొక్కడే. ఆట నుండి విరమించిన పిమ్మట రాజకీయాలలో ప్రవేశించి, 2018 జనవరి 22 నుండి 2024 జనవరి 22 వరకు లైబీరియా దేశాధ్యక్షుడిగా పనిచేశాడు. క్రీడాకారులు చట్టసభలకు ఎన్నిక కావడం అనేక దేశాలలో కనిపించేదే గాని, ఒక దేశానికే అధినేత కావడం అరుదు. దేశమంతటా ఆరాధింపబడిన ఈ ఆటగాడికి కూడా ఆ పదవిని చేరుకోవడానికి పన్నెండేళ్ళు పట్టింది.

నేపథ్యం

వెయా రాజకీయ జీవితం అర్థం కావాలంటే లైబీరియా చరిత్ర కొంత తెలియాలి. అమెరికాలో బానిసత్వం నుండి విముక్తి పొందిన నల్లజాతివారు అట్లాంటిక్ తీరానికి తరలివచ్చి స్థిరపడగా ఏర్పడిన దేశమిది. 1847లో స్వతంత్ర గణతంత్రమైంది. అలా వచ్చినవారి సంతతి జనాభాలో చాలా కొద్దిభాగమే అయినప్పటికీ, 1980 వరకు అధికారం, భూమి, చదువు ప్రధానంగా వారి చేతులలోనే ఉండేవి. ఆ సంవత్సరం ఏప్రిల్‌లో శామ్యూల్ డో అనే సైనికుడు తిరుగుబాటు చేసి అధికారం చేజిక్కించుకున్నాడు. 1989లో మొదలైన అంతర్యుద్ధం, నడుమ కొంత విరామంతో, 2003 వరకు సాగింది. సుమారు రెండున్నర లక్షల మంది మరణించారని అంచనా.

వెయా స్థానిక క్రూ తెగకు చెందినవాడు. రాజధాని మన్రోవియాలోని క్లారా టౌన్ అనే మురికివాడలో నాయనమ్మ పెంపకంలో పెరిగాడు. చదువు మధ్యలోనే ఆగిపోయింది. అతని ఆట గురించి విన్న మొనాకో క్లబ్బు శిక్షకుడు ఆర్సేన్ వెంగర్ 1988లో అతనిని ఐరోపాకు రప్పించాడు. తరువాత పారిస్ సెయింట్ జెర్మైన్, ఎ.సి. మిలన్ జట్లకు ఆడాడు. 1996 సెప్టెంబరులో వెరోనా జట్టుపై ఆడుతూ, తన గోల్ సమీపాన అందుకున్న బంతిని మైదానమంతా దాటించి చేసిన గోల్‌ను అభిమానులు నేటికీ చెప్పుకుంటారు.

లైబీరియా ప్రజలు అతనిని గుర్తుపెట్టుకున్నది మాత్రం గోల్స్ వల్లనే కాదు. ప్రభుత్వమన్నదే కుప్పకూలిన రోజులలో జాతీయ జట్టు దుస్తులకు, ప్రయాణాలకు అతడు సొంత డబ్బు ఖర్చుపెట్టాడు. 2002 ప్రపంచ కప్పు అర్హత పోటీలలో లైబీరియా ఒకే ఒక్క పాయింటు తేడాతో నైజీరియా వెనుక నిలిచి అవకాశం కోల్పోయింది. పరస్పరం కాల్చుకుంటున్న వర్గాలన్నీ తమదిగా భావించిన అతి కొద్ది విషయాలలో ఆ జట్టు ఒకటి. వెయా రాజకీయ పెట్టుబడి ఇక్కడ సమకూరిందే.

2005 ఎన్నికలు

యుద్ధానంతరం 2005 అక్టోబరు 11న జరిగిన ఎన్నికలలో 22 మంది అభ్యర్థులు దేశాధ్యక్ష పదవికి పోటీపడ్డారు. కాంగ్రెస్ ఫర్ డెమోక్రటిక్ చేంజ్ (సి.డి.సి.) అనే పార్టీ తరఫున నిలిచిన వెయా 28.3 శాతం ఓట్లతో ప్రథమ స్థానంలో నిలిచాడు. రెండవ స్థానంలో ఉన్న ఎలెన్ జాన్సన్ సర్లీఫ్‌కు 19.8 శాతం వచ్చాయి. భారతదేశపు ఎన్నికలలో వలె అందరికన్నా ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలిచే పద్ధతి ఉండి ఉంటే వెయా అప్పుడే దేశాధ్యక్షుడయ్యేవాడు. లైబీరియాలో అలా కాదు. గెలవడానికి పోలైన ఓట్లలో సగానికి మించి రావాలి. ఎవరికీ రాకపోతే మొదటి ఇద్దరి మధ్య మలి విడత పోటీ జరుగుతుంది. నవంబరు 8న జరిగిన ఆ పోటీలో సర్లీఫ్ 59.4 శాతం ఓట్లతో గెలుపొందింది. ఆఫ్రికాలో ప్రజలు ఎన్నుకున్న తొలి మహిళా దేశాధ్యక్షురాలు ఆమెయే.

ఈ పోటీ చాలావరకు చదువు చుట్టూ తిరిగింది. సర్లీఫ్ హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చదివి, ప్రపంచ బ్యాంకులోను, ఐక్యరాజ్య సమితిలోను పనిచేసిన ఆర్థికవేత్త. ఉన్నత పాఠశాల చదువైనా పూర్తికానివాడు ధ్వంసమైన దేశాన్ని ఎలా నడుపుతాడని వెయా ప్రత్యర్థులు ప్రశ్నించారు. దానికి అతని అభిమానులు, ముఖ్యంగా యుద్ధం వల్ల బడికి దూరమైన యువకులు, చదువుకున్నవారి పాలనలోనే దేశం ఈ స్థితికి వచ్చింది గదా అని బదులు చెప్పారు. ఇది తేలికగా కొట్టివేయదగిన వాదం కాదు. అయితే తొలి విడతలో ఓడిన అభ్యర్థుల ఓట్లలో అధికభాగాన్ని తనవైపు తిప్పుకోవడం వెయాకు సాధ్యపడలేదు. సొంత అభిమానుల సంఖ్య ఎంతటిదైనా, మలి విడతలో ఇతరుల అభిమానులు కూడా అవసరం.

ఫలితం వెలువడగానే అక్రమాలు జరిగాయని వెయా ఆరోపించాడు. మన్రోవియా వీధులలో నిరసనలు జరిగాయి. అంతర్జాతీయ పరిశీలకులు ఎన్నికలు సక్రమంగానే జరిగాయని పేర్కొన్నారు. డిసెంబరులో అతడు తన ఫిర్యాదును విరమించుకున్నాడు. ఆయుధాలు ఇంకా పూర్తిగా మరుగున పడని దేశంలో ఇది చిన్న నిర్ణయం కాదు.

రెండవ ప్రయత్నం నుండి విజయం వరకు

చదువు గురించిన విమర్శకు వెయా మాటలతో కాక చేతలతో సమాధానమిచ్చాడు. అమెరికాలోని డెవ్రీ విశ్వవిద్యాలయంలో చేరి, నలభై ఏళ్ళు దాటిన వయసులో వ్యాపార నిర్వహణలో పట్టా పొందాడు. 2011 ఎన్నికలలో విద్యావంతుడైన న్యాయవాది విన్‌స్టన్ టబ్‌మన్‌ను దేశాధ్యక్ష పదవికి నిలిపి, తాను ఉపాధ్యక్ష అభ్యర్థిగా సరిపెట్టుకున్నాడు. తొలి విడతలో వెనుకబడిన వీరిద్దరూ అక్రమాలు జరిగాయంటూ మలి విడతను బహిష్కరించగా, సర్లీఫ్ సునాయాసంగా తిరిగి ఎన్నికైంది.

ఎబోలా వ్యాధి విజృంభణ వల్ల వాయిదాపడి 2014 డిసెంబరులో జరిగిన సెనేట్ ఎన్నికలలో, రాజధాని ఉన్న మోంట్‌సెరాడో కౌంటీ నుండి వెయా దాదాపు 78 శాతం ఓట్లతో గెలిచాడు. ఓడినవారిలో దేశాధ్యక్షురాలి కుమారుడు రాబర్ట్ సర్లీఫ్ కూడా ఉన్నాడు. సెనేటరుగా చర్చలలో పెద్దగా పాల్గొనలేదన్న విమర్శ మిగిలింది.

2017 నాటికి వెయా తీరు మారింది. పలు పార్టీలతో కూటమి కట్టాడు. మాజీ దేశాధ్యక్షుడు చార్లెస్ టేలర్ పూర్వపు భార్య, సెనేటరు జువెల్ హోవర్డ్ టేలర్‌ను ఉపాధ్యక్ష అభ్యర్థిగా ఎంచుకున్నాడు. యుద్ధ నేరాలకు గాను టేలర్ అప్పటికే జైలులో ఉన్నందున ఈ ఎంపిక వివాదాస్పదమైంది గాని, దేశం లోపలి ప్రాంతాల ఓట్లు తెచ్చిపెట్టింది. నింబా కౌంటీలో పలుకుబడి గల మాజీ సాయుధ దళ నాయకుడు ప్రిన్స్ జాన్సన్ కూడా మలి విడతలో మద్దతు పలికాడు. తొలి విడతలో వెయాకు 38.4 శాతం, అప్పటి ఉపాధ్యక్షుడు జోసెఫ్ బొకాయ్‌కి 28.8 శాతం ఓట్లు వచ్చాయి. న్యాయస్థానంలో వివాదం వల్ల ఆలస్యమై డిసెంబరు 26న జరిగిన మలి విడతలో వెయా 61.5 శాతం ఓట్లతో విజయం సాధించాడు. ఎన్నికైన ఒక నాయకుని నుండి మరొకరికి అధికారం శాంతియుతంగా బదిలీ కావడం లైబీరియాలో 1944 తరువాత ఇదే మొదటిసారి. ప్రమాణ స్వీకారం మన్రోవియాలోని శామ్యూల్ కాన్యన్ డో స్టేడియంలో, అంటే జాతీయ జట్టు మైదానంలోనే, జరిగింది.

దేశాధ్యక్షుడిగా

పదవి చేపట్టిన వారం రోజులలోనే వెయా తన జీతభత్యాలలో 25 శాతం కోత ప్రకటించాడు. నల్లజాతివారికి మాత్రమే పౌరసత్వం ఇచ్చే రాజ్యాంగ నిబంధన జాతి వివక్షతో కూడినదని బహిరంగంగా విమర్శించాడు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో పట్టభద్ర విద్యార్థులకు బోధనా రుసుము రద్దుచేశాడు. అదే సంవత్సరం సెప్టెంబరులో, 51 ఏళ్ళ వయసులో, నైజీరియాతో జరిగిన స్నేహపూర్వక పోటీలో జాతీయ జట్టు తరఫున 79 నిమిషాలు ఆడాడు. అతని 14వ నంబరు చొక్కాకు విశ్రాంతి ఇవ్వడానికి ఏర్పాటుచేసిన పోటీ అది.

ఆర్థిక పరిస్థితి మాత్రం అతనికి కలిసిరాలేదు. ఐక్యరాజ్య సమితి శాంతి దళం 2018 మార్చిలో వెళ్ళిపోవడంతో దానిపై ఆధారపడిన రాబడి తగ్గింది. 2019లో ద్రవ్యోల్బణం 25 శాతం మించింది. కొత్తగా ముద్రించిన నోట్లు భారీగా మాయమయ్యాయన్న వార్తలు 2018లో సంచలనం కలిగించాయి. తరువాతి విచారణలో నోట్లు గల్లంతైనట్లు తేలకపోయినా, కేంద్ర బ్యాంకు లెక్కలు సరిగా లేవని బయటపడింది. 2019 జూన్ 7న వేలాది ప్రజలు మన్రోవియాలో ప్రదర్శన జరిపారు. వారిలో ఒకప్పుడు అతనికి ఓటు వేసిన నిరుద్యోగ యువకులు కూడా ఉన్నారు. 2022 ఆగస్టులో అవినీతి ఆరోపణలపై అతని ప్రభుత్వంలోని ముగ్గురు ఉన్నతాధికారులపై అమెరికా ఆంక్షలు విధించింది. ఆ ఏడాది చివర వెయా వారాల తరబడి విదేశాలలో ఉండి, కతర్ ప్రపంచ కప్పులో అమెరికా జట్టుకు ఆడుతున్న కుమారుడు తిమోతీ ఆటను చూడడం ప్రతిపక్షాలకు ఆయుధమైంది. ఆటగాడిగా ఏ ప్రపంచ కప్పులోనూ ఆడలేకపోయిన తండ్రికి ఆ ఆట ఎంతటిదో ఊహించవచ్చు గాని, ధరలతో సతమతమయ్యే ఓటరు దానిని అలా చూడలేదు.

అంతర్యుద్ధ నేరాల విచారణకు ప్రత్యేక న్యాయస్థానం కూడా ఇతని కాలంలో ఏర్పడలేదు. 2019లో ఈ విషయమై శాసనసభకు లేఖ వ్రాసినా, ఆ తరువాత కదలిక కనబడలేదు. 2017లో ఇతనికి బలమిచ్చిన పొత్తులు ఈ విషయంలో అడ్డంకి అయ్యాయని పలువురి అభిప్రాయం.

2023 ఎన్నికలు

2023 అక్టోబరు 10న జరిగిన తొలి విడతలో వెయాకు 43.8 శాతం, బొకాయ్‌కి 43.4 శాతం ఓట్లు వచ్చాయి. ప్రిన్స్ జాన్సన్ ఈసారి బొకాయ్ పక్షాన నిలిచాడు. బొకాయ్ వెంట ఉపాధ్యక్ష అభ్యర్థిగా నిలిచిన జెరెమయా కూంగ్ కూడా నింబావాడే. నవంబరు 14న జరిగిన మలి విడతలో బొకాయ్ 50.64 శాతం, వెయా 49.36 శాతం ఓట్లు పొందారు. తేడా సుమారు 20 వేల ఓట్లు మాత్రమే.

తుది ఫలితాల ప్రకటనకు ముందే, నవంబరు 17 రాత్రి, వెయా రేడియోలో మాట్లాడుతూ ఓటమిని అంగీకరించాడు. బొకాయ్‌కి ఫోను చేసి అభినందించినట్లు తెలిపాడు. అంతకు ముందు మూడేళ్ళలో మాలి, గినియా, బుర్కినా ఫాసో, నైజర్ దేశాలలో సైన్యం అధికారాన్ని చేజిక్కించుకుని ఉన్నందున, ఈ ప్రసంగం పశ్చిమ ఆఫ్రికా అంతటా ప్రశంసలు పొందింది. 2005లో ఇంతకన్నా ఎంతో పెద్ద తేడాతో ఓడినప్పుడు ఫలితాన్ని ఒప్పుకోవడానికి అతనికి వారాలు పట్టింది.

2024 జనవరి 22న బొకాయ్ ప్రమాణ స్వీకారం చేశాడు. 2023లోనే జరిగిన ప్రతినిధుల సభ ఎన్నికలలో మాత్రం 73 స్థానాలకు గాను అన్ని పార్టీలకన్నా ఎక్కువ స్థానాలు వెయా కూటమికే దక్కాయి.