అడుగెత్తులో ముసలితనం

మన ఊళ్లలో పొమేరియన్ అని పిలుచుకునే తెల్లబొచ్చు కుక్కల్లో చాలావాటి అసలు జాతి ఇండియన్ స్పిట్జ్. 1994లో వచ్చిన ‘హమ్ ఆప్కే హై కౌన్’ సినిమాలో టఫీగా కనిపించింది ఈ జాతి కుక్కే. విదేశీ జాతులు అంత తేలిగ్గా దొరకని ఆ రోజుల్లో మధ్యతరగతి ఇళ్లలో ఎక్కువగా పెరిగిందీ ఇదే. ఐదారు కిలోల బరువు, మన ఎండలకు అలవాటుపడ్డ ఒళ్లు, పెరుగన్నంతో సర్దుకుపోయే కడుపు. బాగా చూసుకుంటే 13, 14 ఏళ్లు బతుకుతుంది. అందులో చివరి మూడు నాలుగేళ్లు ముసలితనమే. ఆ కాలం అది మన మధ్య ఎలా గడుపుతుందో మనకు తెలిసేది చాలా తక్కువ. ఇంటిని మనం నిలబడి చూస్తాం. అది నేలకు అడుగెత్తు నుంచి చూస్తుంది.

కుక్కకు ఒక ఏడాది అంటే మనిషికి ఏడేళ్లు అనే లెక్క అందరి నోటా వింటాం. అది సరైన లెక్క కాదు. కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు నూటికి పైగా లాబ్రడార్ కుక్కల డీఎన్ఏ మీద వయసుతో పాటు వచ్చే రసాయన గుర్తులను మనుషుల వాటితో పోల్చి, 2020లో ఫలితాలు ప్రచురించారు. మొదటి ఏడాదిలోనే కుక్క శరీరం మనిషి ముప్పై ఏళ్ల దాకా పరుగెత్తుతుంది, ఆ తర్వాత వేగం తగ్గుతుంది. ఆ లెక్క లాబ్రడార్లది కాబట్టి చిన్న జాతులకు యథాతథంగా వర్తించదు. పెద్ద జాతి కుక్క ఏడెనిమిదేళ్లకే ముసలిదైతే, చిన్నది పది దాటాక గానీ ఆ దశకు రాదు. అందుకే దాని ముసలితనం మనల్ని ఏమార్చుతుంది. పన్నెండేళ్లొచ్చినా మొహం కుక్కపిల్లలాగే ఉంటుంది, మనం కుక్కపిల్లే అనుకుంటూ ఉంటాం.

ముందు కళ్లు. కంటిపాప వెనక నీలిబూడిద రంగు మసక కనపడగానే శుక్లాలు వచ్చాయని కంగారు పడతాం. చాలాసార్లు అది శుక్లం కాదు, వయసుతో కంటిలోని కటకం గట్టిపడటం. పగటి చూపుకు దానివల్ల పెద్ద ఇబ్బంది ఉండదు. రెండిట్లో ఏదో తేల్చవలసింది మాత్రం డాక్టరే. మసక వెలుతురులోనే దానికి కష్టం. రాత్రిళ్లు నీళ్ల గిన్నె దగ్గర ఒక జీరో బల్బు వెలిగిస్తే చాలు, తడుముకోవడం తగ్గుతుంది. కుక్కలకు నీలం, పసుపు బాగా తెలుస్తాయి, ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియదు. గడ్డిలో ఎర్ర బంతి వేసి వెతకమంటే అది దాన్ని చూపుతో కాదు, వాసనతో వెతుకుతోందని గుర్తుంచుకోవాలి.

చెవులు మెల్లమెల్లగా మందగిస్తాయి. పిలిస్తే రాదు. మొండిది అయిపోయింది అంటాం. నిద్రలో ఉండగా వెనకనుంచి వచ్చి తాకితే ఉలిక్కిపడి పళ్లు చూపిస్తుంది, కోపం పెరిగింది అంటాం. వినపడని ప్రాణికి నేల అదురు మాత్రం తెలుస్తుంది. దగ్గరికి వెళ్లేముందు కాలితో నేలను మెల్లగా తట్టండి. చెవులు బాగున్న రోజుల్లోనే మాటతో పాటు చేతి సైగ కూడా అలవాటు చేసి ఉంటే ఇంకా మేలు.

చివరిదాకా దాన్ని నిలబెట్టేది ముక్కు. మనిషి ముక్కులో వాసన పట్టే కణాలు యాభై, అరవై లక్షలైతే కుక్క ముక్కులో ఇరవై కోట్లకు పైనే. ముసలి కుక్కను నడకకు తీసుకెళ్లి, ప్రతి స్తంభం దగ్గరా ఆగుతోందని గొలుసు లాగేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. దానికి నడక అంటే దూరం కాదు, ఆ వాసనలే. పావుగంటలో నాలుగు ఇళ్లు మాత్రమే దాటినా పరవాలేదు.

ఇక నేల. ముసలి చిన్న కుక్కకు మన ఇళ్లలో అసలు శత్రువు నున్నటి టైల్స్, గ్రానైట్. చిన్న జాతుల్లో మోకాలి చిప్ప పక్కకు జారడం మామూలు. నడుస్తూ నడుస్తూ వెనక కాలు ఒకటి ఎత్తి, రెండడుగులు మూడు కాళ్ల మీద గెంతి, మళ్లీ మామూలుగా నడిస్తే అది ఆట కాదు, ఆ చిప్ప జారి ఉండవచ్చు. నడక తగ్గాక గోళ్లు అరగవు, పెరిగి నేలను గీరుతుంటాయి. అరికాళ్ల మధ్య బొచ్చు మెత్తలను కప్పేస్తుంది. పట్టు దొరకదు. ఇన్నాళ్లూ ఒక్క దూకులో దాటిన గడప దగ్గర ఆగి మన మొహంలోకి చూస్తుంది. ఆ చూపును బద్ధకం అనుకోవద్దు. కుక్క నొప్పికి మూలగడం తక్కువ. సోఫా ఎక్కడం మానేస్తుంది, ఒకే కీలును నాకుతుంది, ఎత్తుకోబోతే గుర్రుమంటుంది. అది మంచం నుంచి గిన్నె దాకా, గిన్నె నుంచి గుమ్మం దాకా నడిచే దారిలో గోనెపట్టాలో, అడుగున రబ్బరున్న మ్యాట్లో పరిస్తే సగం భయం తీరుతుంది. కానీ ఇంట్లో ఉన్న పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ ముక్క చేసి వేయకండి. అవి కుక్క ప్రాణం తీయగలవు.

తిండి మానేస్తే ఆకలి తగ్గిందనుకోవడం ఇంకో పొరపాటు. పెద్ద కుక్కకైనా చిన్నదానికైనా పళ్లు 42. చిన్న దవడలో అవి ఇరుక్కుని పెరుగుతాయి, సందుల్లో పాచి పట్టి చిగుళ్లు కుళ్లుతాయి. గిన్నె దగ్గరికి వచ్చి, వాసన చూసి, వెనక్కి తిరిగితే ముందు నోరు తెరిచి చూడండి. నోటి దుర్వాసన వయసు వల్ల రాదు, చాలాసార్లు చిగుళ్ల జబ్బు వల్ల వస్తుంది.

రాత్రి వేరే కథ. కొన్ని ముసలి కుక్కలు పగలంతా పడుకుని రాత్రంతా ఇల్లు తిరుగుతాయి. గది మూలకు మొహం పెట్టి నిలబడిపోతాయి. తలుపు తెరుచుకునే వైపు కాక బందుల వైపు నిలబడి ఎదురుచూస్తాయి. పన్నెండేళ్లుగా తప్పని పద్ధతి తప్పి నడిహాల్లో మూత్రం పోస్తాయి. ఇది మతిమరుపు జబ్బు. అల్జీమర్స్ రోగుల మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రోటీనే వీటి మెదడులోనూ పేరుకుంటుంది. 2001లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశీలనలో 11, 12 ఏళ్ల కుక్కల్లో 28 శాతానికి, 15, 16 ఏళ్ల వాటిలో 68 శాతానికి ఇలాంటి లక్షణాల్లో కనీసం ఒకటి కనిపించింది. పూర్తిగా నయం చేసే మందు లేదు, కొంత ఉపశమనం ఇచ్చేవి ఉన్నాయి. మంచం, గిన్నె, సోఫా చోట్లు మార్చకపోవడం మన చేతిలోని వైద్యం. హాల్లో తడి చూసి కోప్పడటం వల్ల ఏమీ కాదు. అది ఏం తప్పు చేసిందో దానికి తెలియదు.

“వయసైపోయిందిలే” అన్న మాట దగ్గర ఆగిపోయి చాలా ఇళ్లు తమ కుక్కను అక్కర్లేని బాధకు వదిలేస్తున్నాయి. వయసు జబ్బు కాదు. నీళ్లు మామూలు కంటే ఎక్కువ తాగడం మూత్రపిండాల జబ్బుకో, మధుమేహానికో గుర్తు కావచ్చు. రాత్రి దగ్గుకు గొంతే కారణం అనుకోకూడదు. చిన్న జాతుల్లో ముసలితనాన ఎక్కువగా వచ్చే గుండె జబ్బు కవాటం వదులవడం. దానికి మందులున్నాయి, ముందే పట్టుకుంటే అది హాయిగా గడిపే కాలం పెరుగుతుంది. పదేళ్లు దాటిన కుక్కను ఆరు నెలలకోసారి పశువైద్యుడికి చూపించండి. ఆసుపత్రి బల్ల మీద భయానికి బిగుసుకుపోయి కుంటడం కూడా దాస్తుంది కాబట్టి, ఇంట్లో అది నడిచే తీరును ఫోన్లో వీడియో తీసి పట్టుకెళ్లండి. ఈ రాత్రి అది గాఢంగా నిద్రపోయాక పక్కన కూర్చుని నిమిషం పాటు పక్కటెముకలు ఎన్నిసార్లు పైకి లేస్తున్నాయో లెక్కపెట్టండి. అలా రెండు మూడు రాత్రులు ముప్పై దాటుతూ ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. కూర్చుని ఆయాసపడుతుంటే మాత్రం తెల్లవారేదాకా కూడా ఆగవద్దు.