రెండు వోల్టుల దగ్గర ఆగిపోయిన డైనమో

వానలు పడి దుక్కులు సాగుతున్న రోజులవి. మా ఇబ్రహీంపట్నం దగ్గరి ఊరి నుంచి వచ్చే పదో తరగతి విద్యార్థి ఒకడు దిగులుగా నా దగ్గరికి వచ్చాడు.

"సార్, మా పాత ట్రాక్టరు పొద్దున్నే స్టార్టు అయితలేదు. నలుగురం కలిసి తోస్తున్నం. ఇప్పటికే రెండు బ్యాటరీలు మార్చినం. మా నాయన మూడోది కొందామంటున్నడు" అన్నాడు.

బ్యాటరీ అంటే వేల రూపాయల మాట. "ఆదివారం దాకా ఆగమని చెప్పు" అన్నాను. ఆదివారం ఒక మల్టీమీటరు పట్టుకొని వాళ్ళ ఇంటికి వెళ్ళాను.

ఇంజను నడిపించి చూశాం. మీటర్ల పలక మీద ఎర్ర దీపం ఆరడం లేదు. ఆ దీపం ఏం చెబుతుందో తెలుసా? దాని ఒక కొన బ్యాటరీకి, రెండో కొన డైనమోకు కలిపి ఉంటుంది. డైనమో వోల్టేజి బ్యాటరీ వోల్టేజికి సమానమైతే రెండు కొనల మధ్య పొటెన్షియల్ భేదం ఉండదు, దీపం ఆరిపోతుంది. ఇక్కడ ఆరలేదు. అంటే డైనమో నుంచి బ్యాటరీకి విద్యుత్తు చేరడం లేదు. కుండకు చిల్లు లేదు; నీళ్ళు పోసేవాళ్ళే లేరు!

అయస్కాంత క్షేత్రంలో తీగచుట్ట తిరిగితే విద్యుత్తు పుడుతుందని మీరు చదువుకున్నారు. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. కాని ట్రాక్టరు డైనమోలో శాశ్వత అయస్కాంతం ఉండదు. ఇనుప దిమ్మల చుట్టూ చుట్టిన క్షేత్ర తీగచుట్టలే ఉంటాయి. వాటిలో విద్యుత్తు ప్రవహిస్తేనే అవి అయస్కాంతాలవుతాయి. ఆ విద్యుత్తు ఎక్కడిది? ఆ డైనమోదే! మరి మొట్టమొదట మొదలయ్యేదెలా? విత్తు ముందా, చెట్టు ముందా అన్నట్లుంది కదూ!

ఇంజను ఆపినా ఇనుములో కొంచెం అయస్కాంతత్వం మిగిలి ఉంటుంది. దీనిని అవశేష అయస్కాంతత్వం అంటారు. ఆర్మేచర్ తిరగగానే ఈ కొద్దిపాటి బలంతో ఒకటి రెండు వోల్టులు పుడతాయి. ఆ విద్యుత్తు క్షేత్ర తీగచుట్టలోకి వెళ్ళి అయస్కాంత బలాన్ని పెంచుతుంది. బలం పెరిగితే వోల్టేజి పెరుగుతుంది. అసలుకు వడ్డీ, వడ్డీకి వడ్డీ చేరినట్లు అది పెరుగుతూ పోతుంది. హద్దు దాటకుండా రెగ్యులేటరు అదుపు చేస్తుంది. ఈ ఉపాయాన్ని 1867లో జర్మనీలో వెర్నర్ సీమెన్స్, ఇంగ్లండులో చార్లెస్ వీట్‌స్టన్ లోకానికి వెల్లడించారు.

ఇక మా పరీక్ష సంగతి. ముందు బెల్టు చూశాం, బిగువుగానే ఉంది. డైనమోకు రెండు తీగలుంటాయి. లావు తీగ విద్యుత్తును రెగ్యులేటరు పెట్టెకు తీసుకుపోతుంది. సన్న తీగ అక్కడి నుంచి క్షేత్ర తీగచుట్టకు కొంత తిరిగి తెస్తుంది.

ఇంజను ఆపి రెండు తీగలనూ డైనమో దగ్గర ఊడదీశాం. మళ్ళీ ఇంజను నడిపి, లావు తీగ ఉండే కొనకూ డైనమో ఒంటికీ మధ్య వోల్టేజి చూశాం. మీటరు ముల్లు రెండు వోల్టులు చూపింది. అవశేష అయస్కాంతత్వం ఉంది, బ్రష్‌లు పని చేస్తున్నాయి. సున్నా చూపితే బ్రష్‌లు అరిగాయేమో చూడాలి. లేదా ఇనుము అయస్కాంతత్వాన్ని పోగొట్టుకొని ఉండవచ్చు. అలాంటప్పుడు మెకానిక్కులు బ్యాటరీ విద్యుత్తును క్షేత్ర తీగచుట్టలోకి క్షణకాలం పంపి, దానిని తిరిగి కల్పిస్తారు.

తరువాత డైనమో రెండు కొనలనూ చిన్న తీగతో కలిపి, ఇంజను వేగం మెల్లగా పెంచాం. ముల్లు చకచకా పైకి లేచి 15 వోల్టులు దాటింది. వెంటనే వేగం తగ్గించాం. డైనమో నిక్షేపంగా ఉంది!

మరి దోషం ఎక్కడ? తీగలను డైనమోకు తిరిగి బిగించి, ఈసారి రెగ్యులేటరు దగ్గర ఊడదీసి, ఆ కొనలను కలిపి అదే పరీక్ష చేశాం. ముల్లు రెండు వోల్టుల దగ్గరే ఆగిపోయింది. అంటే దొంగ ఈ రెండు తీగల్లోనే ఉన్నాడు.

ఇంజను ఆపి ఒక్కొక్క తీగ నిరోధం కొలిచాం. లావు తీగలో దాదాపు సున్నా. సన్న తీగలో ముల్లు కదలనే లేదు, వలయం తెగింది. పైకి తొడుగు బాగానే ఉంది. ఇంజనుకు ఆనుకొన్న వంపు దగ్గర కోసి చూస్తే లోపలి రాగి పచ్చగా చిలుము పట్టి తెగిపోయి ఉంది. అవశేష అయస్కాంతత్వం రెండు వోల్టులు ఇస్తూనే ఉంది. కాని అది క్షేత్ర తీగచుట్టకు తిరిగి చేరే దారి మూసుకుపోయింది. అసలు ఉంది, వడ్డీ చేరలేదు!

ఒక గజం కొత్త తీగ వేశాం. ఇంజను వేగం అందుకోగానే ఎర్ర దీపం ఆరిపోయింది. విద్యార్థి తండ్రి కాసేపు మాట్లాడలేదు. "రెండు బ్యాటరీల పైసలు ఈ తీగ తిన్నదన్నట్టు" అన్నాడు చివరకు.

ఒక హెచ్చరిక. తిరిగే బెల్టు, ఫ్యాను దగ్గరికి మీరు ఒంటరిగా వెళ్ళకండి. వదులు బట్టలు, చేతి గొలుసులు ప్రమాదం. బ్యాటరీ దగ్గర నిప్పురవ్వ రానీయకండి; చార్జి అవుతున్నప్పుడు మండే హైడ్రోజన్ వెలువడుతుంది. పరీక్ష పెద్దల చేతుల మీదుగానే జరగాలి. కాని "ఏది మారుద్దాం?" అని వారు అడిగినప్పుడు, "ముందు కొలిచి చూద్దాం" అని చెప్పవలసింది మాత్రం మీరే.