వార్తల్లో పదం: మెడికల్ ఇమేజింగ్

శరీరాన్ని కోయకుండా లోపలి భాగాలను చిత్రాలుగా చూపే పద్ధతులను మెడికల్ ఇమేజింగ్ అంటారు. రాంట్‌జెన్ 1895లో కనుగొన్న ఎక్స్-రే ప్రధానంగా ఎముకలను చూపుతుంది. 1971లో లండన్‌లో తొలిసారి రోగికి తీసిన సీటీ స్కాన్, అనేక కోణాల ఎక్స్-రేలను కంప్యూటర్‌తో కలిపి పొరలు పొరలుగా చూపుతుంది కాబట్టి, తలకు దెబ్బ తగిలినప్పుడు రక్తస్రావాన్ని త్వరగా పట్టిస్తుంది. ఈ రెండింటిలో రేడియేషన్ ఉన్నందున గర్భిణులు ఆ సంగతి ముందే చెప్పాలి. ధ్వని తరంగాలతో పనిచేసే అల్ట్రాసౌండ్‌లోనూ, అయస్కాంత క్షేత్రం, రేడియో తరంగాలతో మెదడును, వెన్నుపామును చూపే ఎంఆర్‌ఐలోనూ అది ఉండదు. అయితే తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన ఖరగ్‌పూర్‌లో, రైల్వే వర్క్‌షాపులో ఇనుము కోసి, అరగదీసే కార్మికుల కంట్లో ఎప్పుడో పడిన ఇనుపరజను మిగిలి ఉంటే, ఎంఆర్‌ఐ అయస్కాంతం దాన్ని కదిలించి చూపును దెబ్బతీయగలదు. కనుక ఆ విషయాన్ని, పేస్‌మేకర్ ఉంటే దాన్నీ స్కానింగ్ సిబ్బందికి తప్పక తెలపాలి.