బొమ్మ పేరు... ఒక తేదీ!

పది మీటర్ల పొడవున్న చిత్రమది. 2018లో హాంకాంగ్ వేలంలో 51 కోట్ల హాంకాంగ్ డాలర్లు పలికింది. ఇంతకీ అందులో ఏముంది? మనిషి లేడు, చెట్టు లేదు, కొండ లేదు. మబ్బుల్లా కదిలే రంగులు, వాటి మధ్య వెలుగు. పేరేమో... 'జూన్-అక్టోబర్ 1985'. గీసిన నెలలే పేరన్నమాట!

గీసింది జావో వూకీ. 1920లో బీజింగ్‌లో పుట్టాడు. చిన్నప్పుడు తాతయ్య దగ్గర కుంచె పట్టి అక్షరాలు దిద్దాడు. హాంగ్జౌలో చిత్రకళ చదివి, 1948లో పారిస్ చేరాడు. అక్కడ ఒకటే పట్టుదల... 'చైనా బొమ్మలేసేవాడు' అన్న ముద్ర పడకూడదని. అందుకే సంప్రదాయ సిరాచిత్రాల్ని పక్కనపెట్టి, నూనెరంగులతోనే సాగాడు.

తమాషా ఏంటంటే, వద్దనుకున్న చైనాయే కుంచెలోంచి దిగింది. మూడువేల ఏళ్ల కిందట షాంగ్ రాజులు తాబేటి చిప్పల్నీ ఎద్దు ఎముకల్నీ వేడిచేయించి, వచ్చిన పగుళ్లనుబట్టి జోస్యం చూసేవారు. అడిగిన ప్రశ్నల్ని వాటిమీదే చెక్కించేవారు. ఆ అక్షరాల్లాంటి గీతలే 1954లో వేసిన 'గాలి' చిత్రంలో కనిపిస్తాయి. చదవబోతే మాత్రం ఏ మాటా కాదు. తర్వాత్తర్వాత ఆ గీతలూ కరిగిపోయాయి. 1950ల చివరికొచ్చేసరికి పేర్లూ పోయి, తేదీలు మిగిలాయి.

చైనావాళ్లకు జోస్యం నుంచే వచ్చిన మరో పుస్తకం 'యి జింగ్'... అంటే మార్పుల గ్రంథం. నిండు గీతలూ విరిగిన గీతలూ ఆరేసి చొప్పున పేరిస్తే 64 రూపాలు. ఏ రూపమూ నిలకడగా ఉండదు, ఇంకోటిగా మారుతుంటుంది. ఇక దావో తత్వంలో ఖాళీ అంటే ఏమీ లేకపోవడం కాదు, ఊపిరాడే చోటు. పాత చిత్రకారులు కాగితాన్ని తెల్లగా వదిలేస్తే అదే పొగమంచు అయ్యేది. ఈ రెండూ తెలిసి చూస్తే జావో చిత్రాలు అర్థంకాని బొమ్మల్లా అనిపించవు. రోజూ మారే ఆకాశానికి పేరెలా పెడతాం? తేదీ వేయగలం, అంతే.

1972లో రెండో భార్య మే చనిపోయింది. వయసు నలభై ఒకటే. నూనెరంగులు వేయడానికి అతనికి చేయి ఆడలేదు. అప్పుడు పట్టుకున్నది సిరానే! దాన్ని మళ్లీ ప్రయత్నించమని కవిమిత్రుడు ఆన్రీ మిషో అంతకుముందే పోరాడు. ఆ ఏడాదే, 24 ఏళ్ల తర్వాత, చైనా వెళ్లి కుటుంబాన్ని చూసొచ్చాడు. సెప్టెంబరులో ఐదు మీటర్ల పైచిలుకు చిత్రమొకటి పూర్తిచేశాడు. దానికి తేదీతోపాటు మాటలూ ఉన్నాయి... 'మే జ్ఞాపకార్థం, 10-9-72'.

ఆ తర్వాతి నూనెచిత్రాలు సిరాబొమ్మల్లా పల్చబడ్డాయి, వాటిలో ఖాళీ పెరిగింది. మొదట చెప్పుకున్న పది మీటర్ల చిత్రమూ ఆ కాలానిదే. మిత్రుడు, ప్రసిద్ధ వాస్తుశిల్పి ఐ.ఎం. పై సింగపూర్‌లో కడుతున్న భవనం కోసం దాన్ని వేశాడు.