గోల్ పడని నిమిషాల లెక్క

39, 19, 23, 16, 43.

ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐదు సీజన్లలో వరసగా ప్రత్యర్థులకు ఇచ్చుకున్న గోల్స్ ఇవి. ప్లేఆఫ్‌లు కలపలేదు, లీగ్ దశ మాత్రమే. లీగ్‌లో అడుగుపెట్టిన 2019-20లో 18 మ్యాచ్‌ల్లో 39. మరుసటి ఏడాది 20 మ్యాచ్‌ల్లో 19. ఆపైన 20లో 23, మళ్లీ 20లో 16. 2023-24లో 22 మ్యాచ్‌ల్లో 43. మ్యాచ్‌కు రెండు గోల్స్ పైచిలుకుతో మొదలైన సగటు 0.8 దాకా దిగి, తిరిగి రెండు దగ్గరికి ఎగబాకింది. పాయింట్లూ దాని వెంటే నడిచాయి: 10, 29, 38, 42, 8.

భివండి తెలుగువాళ్లకు ఈ అంకెలతో రెండు వైపుల నుంచీ చుట్టరికం ఉంది. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి తరాల కిందట మగ్గాల పని మీద వచ్చి, పద్మనగర్ చుట్టుపక్కల సాంచాల చప్పుడు మధ్యనే స్థిరపడిన కుటుంబాలకు హైదరాబాద్ అంటే సొంతూరి వైపు జట్టు. అంధేరీలో ఆడే ముంబయి సిటీ ఇక్కడికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని జట్టు. క్రికెట్ ముందు ఫుట్‌బాల్‌ది ఎప్పుడూ రెండో పీటే, కాదనలేం. అయినా ఈ రెండు జట్ల మంచి రోజుల్లోనూ కనిపించేది ఒకే రకం మనిషి: ముప్పై అటూ ఇటూ వయసున్న, స్వదేశంలో పెద్దగా ఎవరికీ తెలియని స్పెయిన్ డిఫెండర్. అతని బతుకుదెరువును లెక్కల్లో చూద్దాం.

గోల్ కొట్టేవాడి పని రాసుకోవడం తేలిక. డిఫెండర్ పని ‘జరగనిది’. నేతలో కూడా అంతే. తాకా విప్పి తనిఖీ చేసేవాడు తెగిన పోగుల్నే ఎంచుతాడు, శుభ్రంగా వచ్చిన మీటర్లను ఎవరూ పొగడరు. బంతి లాక్కోవడాలు ఎక్కువ చేసినవాడే గొప్ప డిఫెండర్ అనుకోవడమూ పొరపాటే. ముందే సరైన చోట నిలబడినవాడికి కింద పడి బంతి లాక్కోవాల్సిన అవసరం తక్కువ. కాబట్టి అతని ఖాతాలో పనికొచ్చే అంకె ఒక్కటే, అదీ పదిమందితో ఉమ్మడిగా పంచుకోవాల్సింది: జట్టు ఇచ్చిన గోల్స్.

ఈ విద్యలో స్పెయిన్‌కు పేరు ఊరికే రాలేదు. 2008 యూరో కప్, 2010 ప్రపంచ కప్, 2012 యూరో కప్ మూడూ ఆ దేశమే గెలిచింది. మూడింటిలో కలిపి 10 నాకౌట్ మ్యాచ్‌లు ఆడింది, ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. 2010లో నాకౌట్ నాలుగూ 1-0తోనే గెలిచింది. అందరం చిన్న చిన్న పాస్‌ల సొగసునే గుర్తుపెట్టుకున్నాం. నా మట్టుకు ఆ పది సున్నాలే ఎక్కువ అబ్బురం.

అంత విద్య ఉన్న దేశంలో పని దొరకడం మాత్రం కష్టం. మొదటి డివిజన్‌లో 20 క్లబ్బులు, రెండో దానిలో 22. క్లబ్బుకు నలుగురు సెంటర్ బ్యాక్‌లని వేసుకుంటే దేశం మొత్తానికి 168 కొలువులు. అందులో విదేశీయులకు పోయేవి పోగా మిగిలినవే స్థానికులవి. 2019-20 నాటికి మూడో అంచెలో 80 క్లబ్బులు ఉండేవి; అక్కడికి జారితే పేరూ తక్కువే, డబ్బూ తక్కువే. ముప్పై దగ్గరపడ్డ డిఫెండర్‌కు విమానం ఎక్కడం అప్పుడు సాహసమేమీ కాదు, వలస.

ఇటువైపు తలుపు కూడా ఏటికేడు సన్నబడింది. 2014లో ఐఎస్‌ఎల్ మొదలైనప్పుడు ఒక్కో జట్టు ఆరుగురు విదేశీయుల్ని మైదానంలో దించేది. 2017-18 నుంచి అయిదుగురు, 2021-22 నుంచి నలుగురు. 2023-24లో 12 క్లబ్బులు. క్లబ్బు నమోదు చేసుకోగలిగే ఆరుగురి చొప్పున లీగ్ మొత్తానికి గరిష్ఠంగా 72 విదేశీ స్థానాలు. నలుగురినే దించగలిగినప్పుడు కోచ్ కన్ను ముందు గోల్ కొట్టేవాడి మీద, ఆ తర్వాత మధ్యలో ఆట నడిపేవాడి మీద పడుతుంది. వెనక వరసకు మిగిలేది మామూలుగా ఒక్క స్థానం. ఆ ఒక్కడు పక్కనున్న భారతీయ కుర్రాళ్లను కూడా నిలబెట్టాలి.

మళ్లీ హైదరాబాద్ దగ్గరికి. 2020లో వచ్చిన ఓదెయ్ ఒనైందియా బాస్క్ ప్రాంతంవాడు, అప్పటికి 30 ఏళ్లు. మిరాందెస్ అనే రెండో డివిజన్ జట్టు నుంచి వచ్చాడు. అదే ఏడాది ఆ చిన్న క్లబ్బు సెవియ్యా, వియ్యారియల్ లాంటి పెద్ద జట్లను ఓడించి స్పెయిన్ కింగ్స్ కప్ సెమీఫైనల్ దాకా వెళ్లింది. అతను చేరిన సీజన్‌లోనే 39 కాస్తా 19 అయింది. ఇక్కడే ఆగిపోతే కథ బాగుంటుంది గానీ నిజం సగమే అవుతుంది. ఎందుకంటే 39 గోల్స్ పడిన ఏడాది కూడా హైదరాబాద్ వెనక వరసలో ఒక స్పెయిన్ డిఫెండర్ ఉన్నాడు: రఫా లోపెస్. మొదటి డివిజన్‌లో హెతాఫె తరఫున ఆడినవాడు. కాగితం మీద చూస్తే ఓదెయ్ కంటే అతని అనుభవమే బరువు. కాబట్టి పాస్‌పోర్ట్ గోల్స్ ఆపదు.

మారింది చుట్టూ ఉన్న అమరిక. కోచ్‌గా మనోలో మార్కెజ్ వచ్చాడు, అతనూ స్పెయినే. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి కుర్రాళ్లను రెండు అంచుల్లో నమ్మి ఆడించాడు. నడుమ చింగ్లెన్‌సానా సింగ్‌ను నిలబెట్టాడు. బంతి పోయిన వెంటనే ముందు వరస నుంచే వెంటపడటం నేర్పాడు. సెంటర్ బ్యాక్ దాకా ప్రమాదం రావడమే తగ్గింది. 19 అనే అంకెలో ఓదెయ్ వాటా ఎంతో విడదీసి చెప్పే తూకం ఏదీ లేదు, చెప్పగలమన్నవాళ్లను నేను నమ్మను.

2021-22లో ఆ చోటులోకి హువానన్ వచ్చాడు. అప్పటికే బెంగళూరులో అయిదేళ్లు ఆడిన మనిషి. ఏఎఫ్‌సీ కప్ ఫైనల్ చేరిన తొలి భారతీయ క్లబ్బు ఆ బెంగళూరే. 2016 నవంబర్ 5న దోహాలో 0-1తో ఓడింది. 2019 మార్చి 17న అంధేరీలోనే గోవాను 1-0తో ఓడించి ఐఎస్‌ఎల్ గెలిచింది, గోల్ 117వ నిమిషంలో పడింది. హువానన్ ఉన్న హైదరాబాద్ 2022 మార్చి 20న ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో 1-1గా నిలిచి, పెనాల్టీల్లో 3-1తో కప్పు ఎత్తింది. గోల్ కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి ఆ రాత్రి మూడు పెనాల్టీలు ఆపాడు. ఇచ్చిన గోల్స్ 19 నుంచి 23కి పెరిగిన ఏడాదే కప్పు వచ్చిందన్నది గమనించాలి. ముందు వరసలో ఓగ్బెచె ఒక్కడే 18 గోల్స్ కొట్టాడు మరి.

ఇంకో ముచ్చట. కరోనా వల్ల 2020-21, 2021-22 సీజన్లు రెండూ పూర్తిగా గోవాలోనే జరిగాయి. అంటే హైదరాబాద్ జట్టు వెనక వరస గట్టిపడటాన్ని గచ్చిబౌలిలో ఉన్నవాడూ టీవీలోనే చూశాడు, భివండిలో ఉన్నవాడూ టీవీలోనే చూశాడు. ఓదెయ్ తిరిగొచ్చిన 2022-23లో గానీ సొంత ప్రేక్షకులకు ఆ ఆట దగ్గరగా దొరకలేదు. ఆ ఏడాది లీగ్‌లో ఇచ్చినవి 16. సెమీఫైనల్‌లో ఏటీకే మోహన్ బగాన్‌తో రెండు మ్యాచ్‌లూ 0-0. అదనపు సమయంతో కలిపి 210 నిమిషాలు గోల్ ఇవ్వలేదు. అయినా పెనాల్టీల్లో 3-4తో ఇంటికి.

ఇక ముంబయి వైపు. తిరి అని పిలిచే హోసె లూయిస్ ఎస్పినోసా 1991లో కాదిస్ జిల్లా లోస్ బారియోస్‌లో పుట్టాడు. అట్లెటికో మాడ్రిడ్ రెండో జట్టు దాకా వెళ్లి, 2015లో 24 ఏళ్లకే భారత్ వచ్చాడు. మాడ్రిడ్ క్లబ్బుకు అప్పట్లో కోల్‌కతా జట్టులో వాటా ఉండేది, దారి అలా పడింది. 2016లో కోల్‌కతాతో కప్పు. 2017లో కొత్తగా పుట్టిన జంషెడ్‌పూర్‌కు మారాడు. ఆ జట్టు మొదటి మూడు మ్యాచ్‌లూ 0-0, నాలుగోది 1-0. నాలుగు మ్యాచ్‌ల్లో కొట్టింది ఒక్కటి, ఇచ్చింది సున్నా, పాయింట్లు ఆరు. చూసేవాళ్లకు విసుగే గానీ, డిఫెండర్‌కు ఇంతకంటే మంచి జీతం చీటీ ఉండదు.

2020-21లో అతను ఏటీకే మోహన్ బగాన్‌లో ఉన్నాడు. 20 మ్యాచ్‌ల్లో ఆ జట్టు ఇచ్చినవి 15, లీగ్‌లోనే అతి తక్కువ. ముంబయి సిటీ 18 ఇచ్చింది. ఇద్దరికీ 40 పాయింట్లే. ముఖాముఖి ఫలితాలతో, లీగ్ దశలో మొదటి స్థానానికిచ్చే షీల్డ్ ముంబయికి పోయింది. మార్చి 13న ఫైనల్‌లోనూ అవే జట్లు. మోహన్ బగాన్ 1-0 ఆధిక్యంలో ఉండగా 29వ నిమిషంలో పొడవాటి బంతిని బయటికి తలతో తోయబోయి తిరి సొంత గోల్‌లోకే పంపాడు. 90వ నిమిషంలో ముంబయి తరఫున బిపిన్ సింగ్ కొట్టాడు, 2-1. సీజన్ పొడుగునా ఆపిన బంతులు ఏ పట్టికలోనూ లేవు. ఆ 29వ నిమిషం మాత్రం ఎప్పటికీ అతని పేరు మీదే ఉంటుంది.

2022 మే 18న ఏఎఫ్‌సీ కప్‌లో గోకులం కేరళతో ఆడుతూ మోకాలు దెబ్బతింది. మరుసటి సీజన్ అంతా పోయింది. ఆ సీజన్‌లోనే అతని క్లబ్బు ఐఎస్‌ఎల్ కప్పు గెలిచింది. 32 ఏళ్ల వయసులో, సరిచేసిన మోకాలితో, తనచేత సొంత గోల్ వేయించుకున్న ముంబయి సిటీకే 2023లో వచ్చాడు. 2024లో ముంబయి 47 పాయింట్లు, మోహన్ బగాన్ 48. ఒక్క పాయింట్‌తో షీల్డ్ పోయింది. మే 4న కోల్‌కతాలో 60 వేలకు పైగా జనం ముందు జరిగిన ఫైనల్‌లో మాత్రం ముంబయి 3-1తో మోహన్ బగాన్‌ను ఓడించింది.

అదే 2024లో హైదరాబాద్ అడుగున ఉంది. జీతాల బకాయిలు పేరుకున్నాయి, ఫిఫా కొత్త ఆటగాళ్ల నమోదును ఆపేసింది. రెండు నెలల జీతం అందకపోతే 15 రోజుల గడువిచ్చి ఒప్పందం తెంచుకునే హక్కు ఫిఫా నిబంధనల్లో ఆటగాడికి ఉంది. మీటరు లెక్కన కూలి తీసుకుంటూ పన్నెండు గంటలు సాంచాల మీద నిలబడేవాడి చేతిలో అలాంటి కాగితం ఏదీ లేదు. విదేశీ ఆటగాళ్లలో బ్రెజిల్‌కు చెందిన జొవావ్ విక్టర్ ఒక్కడే చివరిదాకా ఉన్నాడు. 43 గోల్స్ పడ్డాయి, కొట్టినవి 10. తర్వాతి సీజన్‌లో 13 జట్లలో 12వ స్థానం. 2025 అక్టోబర్‌లో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి, పేరు కూడా స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మార్చుకుంది. దాంతో భివండి తెలుగువాళ్లకున్న రెండు జట్లలో ఇప్పుడు అంధేరీదే మిగిలింది.